చెవితో ఎంచుకున్న భాష

డిగ్రీ చివరి పరీక్షలు అయిపోయిన దగ్గర నుంచీ మా ఇంట్లో ఒకటే చర్చ: నేను ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి? మాది ధర్మసాగర్. బాపు పత్తి, మిరప పండిస్తాడు. ఇంట్లో కంప్యూటర్ చదివినదాన్ని నేనొక్కదాన్నే అయినా, సలహా చెప్పనివాళ్లు మాత్రం లేరు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనబావ ఫోన్ చేసి, "జావా పట్టు. పెద్ద కంపెనీలన్ని దాని మీదనే నడుస్తానయ్" అన్నాడు. కాలేజీలో మా లెక్చరర్, "ఇప్పుడంతా పైథానేనమ్మా" అన్నారు. నాతో చదివిన అమ్మాయి, "కోడింగ్ మనతోని కాదు, టెస్టింగ్ చేద్దాం పా" అంది. ఫోన్లో వీడియోలు చూస్తే ఒకాయన జావా పని అయిపోయిందనేవాడు, మరొకాయన దానికి తిరుగే లేదనేవాడు. ఇంకొకాయనైతే రేపటి నుంచి కోడంతా ఏఐయే రాస్తుంది, ఏదీ నేర్చుకోవద్దన్నాడు. అది చూసిన రోజు నాకు అన్నం కూడా సయించలేదు.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి వచ్చిన బాపు, మంచం మీద కూర్చుని నా గోడంతా విన్నాడు.

"నాకు గా భాషలేందో తెల్వదు బిడ్డా. నేను గూడ ఏటా గిట్లనే పరేషాన్ అయిత, పత్తి పెట్టాల్నా, మిర్చి పెట్టాల్నా అని. నీకు తోస్తలేదంటే పోయి రెండూ చూసి రా" అన్నాడు.

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో, ఒక జిరాక్స్ షాపు పైన, కోచింగ్ సెంటర్ ఉండేది. పొద్దున పైథాన్, మధ్యాహ్నం జావా. కొత్తగా చేరేవాళ్లు మొదటి వారం రెండు క్లాసుల్లోనూ ఉచితంగా కూర్చోవచ్చు. నేను ధర్మసాగర్ నుంచి బస్సులో వెళ్లి, మొదటి రోజు ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను. నా పక్కన ఒకామె లాప్‌టాప్ తెరిచి టకటకా టైపు చేస్తోంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది, రెండో చెవి ఖాళీగా ఉంది. లాప్‌టాప్ తెర మాత్రం నల్లగా ఉంది.

"అక్కా, మీ స్క్రీన్ ఆన్ కాలేదు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి నవ్వింది. అప్పుడు చూశాను, కుర్చీకి ఆనించి ఉన్న తెల్ల కర్రను. "నేనే బంద్ చేసిన. దాని వెలుతురు నాకెందుకు? బ్యాటరీ మిగులుతది గద" అంది.

అలా పరిచయమైంది. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దది. ఇల్లు వరంగల్లో, మండీబజార్ వెనక. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో చూపు పోయిందట. వాళ్లన్న ఆటో నడుపుతాడు. పొద్దున్నే ఆమెను మెట్ల దగ్గర దింపి, తర్వాత కిరాయికి వెళ్లేవాడు. ఇంట్లో చిన్నవాళ్లందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అని పిలుస్తారని తెలిసి, నేనూ ఆపా అనడం మొదలుపెట్టాను.

తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఒకసారి ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. గొంతు ఎంత వేగంగా చదువుతోందంటే, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రైలు పోతున్నట్టు ఉంది.

"ఇదెట్ల సమజైతది ఆపా నీకు?"

"మెల్లగ చదివితే నాకు నిద్రొస్తది" అంది.

అప్పటికి మూడేళ్ల కిందట ఆమె హైదరాబాదులో చూపులేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే ఒక చోట కొన్ని నెలలు ఉండి నేర్చుకుంది. అక్కడ చదివిన వాళ్లంతా బ్యాంకు పరీక్షలకో, ఫోన్ ఆపరేటర్ పనులకో వెళ్లారు. ఈమెకు మాత్రం ప్రోగ్రాములు రాయాలని పట్టుకుంది. కోచింగ్ సెంటర్ నడిపే ఆయన మొదట చేర్చుకోనన్నాడట. చెడ్డ మనిషి కాదు. నేర్పడం తమ వల్ల కాదేమోనని ఆయన భయం. "వారం రోజులు కూసుంట సార్. నా తోని క్లాసుకు తక్లీఫ్ అయితే నేనే పోత" అని ఒప్పించి వచ్చింది.

ఆ మొదటి క్లాసులోనే పైథాన్ చెప్పే సార్ బోర్డు మీద వేలు పెట్టి, "ఇది ఇక్కడ నుంచి ఇక్కడికి వస్తుంది, దీన్ని తీసి ఇందులో వేస్తాం" అన్నారు. మేమందరం తలలూపాం. ఆపా చెయ్యి ఎత్తింది.

"సార్, ఇక్కడ అంటే ఎక్కడ?"

క్లాసులో ఒకరిద్దరు నవ్వారు. సార్ నవ్వలేదు. బోర్డు వైపు చూసి, మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఈసారి ప్రతిదాన్నీ దాని పేరుతో చెప్పారు. ఫలానా పేరున్న జాబితాలోంచి మొదటి విలువ తీసి, ఫలానా దానిలో పెడుతున్నాం అని. నిజం చెప్పాలంటే అప్పుడే నాకూ అర్థమైంది. అంతకుముందు తల ఊరికే ఊపాను. వారం తిరిగేసరికి సార్‌కు వేలు చూపించే అలవాటు పోయింది. వెనక బెంచీలవాళ్లు సైతం ఆ సార్ క్లాసు మంచిగా అర్థమవుతోందని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఆపా కూడా నాలాగే రెండు భాషల మధ్య ఉంది. కానీ ఎవరినీ ఏది మంచిదని అడగలేదు. ఒకే చిన్న ప్రోగ్రామును రెండు భాషల్లోనూ రాసి చూస్తానంది. బస్టాండులో బోర్డులు చదవలేదు కాబట్టి, ఊరి పేరు టైపు చేస్తే బస్సు ఎన్నింటికో, ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో చెప్పే ప్రోగ్రాము కావాలనుకుంది. బస్సుల వివరాలు నేను బస్టాండుకు వెళ్లి రాసుకొచ్చాను.

ముందు పైథాన్‌లో రాసింది. చిన్నగా, ముచ్చటగా వచ్చింది. నడిపించి, ఏటూరునాగారం అని టైపు చేసింది. ప్రోగ్రాము "బస్సు లేదు, బస్సు లేదు, బస్సు లేదు" అని వరసగా చెప్పి, మధ్యలో ఒకసారి బస్సు టైము చెప్పి, మళ్లీ "బస్సు లేదు" అందుకుంది. మేమిద్దరం పడీ పడీ నవ్వాం. ఆ తర్వాత ఆపా తప్పు వెతకడానికి కూర్చుంది. మొదటి లైను నుంచి చివరి లైను దాకా విన్నది. మళ్లీ విన్నది. ప్రతి మాటా సరిగ్గానే ఉంది.

నేను తెర వెలిగించి చూశాను. ఒక్క చూపులోనే కనిపించింది. పైథాన్‌లో ఏ లైను దేని కిందికి వస్తుందో లైను ముందున్న ఖాళీయే చెబుతుంది. 'బస్సు లేదు' అని చెప్పే లైను, అన్ని బస్సులూ వెతికినా దొరక్కపోతేనే, చివర ఒక్కసారి రావాలి. ఆ లైను కాస్త లోపలికి జరిగి ఉంది. దాంతో ఒక్కో బస్సును చూసినప్పుడల్లా "లేదు" అంటోంది.

"నాలుగు స్పేసులు ఎక్కువ పడ్డయ్ ఆపా" అన్నాను.

ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. "స్పేస్‌కు సప్పుడు లేదు" అంది మెల్లగా. "ఒక్కొక్క అక్షరం మీద ఆగుకుంట పోతే వినబడ్తది. కానీ గట్ల ఇనుకుంట పోతే నేను ఏం ఆలోచిస్తాన్ననో మర్చిపోత."

మధ్యాహ్నం జావా క్లాసులో అదే ప్రోగ్రాము మొదలుపెట్టింది. పొడుగ్గా వచ్చింది. పైథాన్‌లో ఒక లైనులో అయ్యే పనికి జావాలో బోలెడు మాటలు. అయితే జావాలో ఒక భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీసాల బ్రాకెట్లు చెబుతాయి. గొంతు వాటిని ఒక్కొక్కటీ పైకి చదువుతుంది. లెఫ్ట్ బ్రేస్. రైట్ బ్రేస్.

"ఇగో, ఇను" అని నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టింది. అప్పటికి నాకు ఆ గొంతు కాస్త కాస్త అందుతోంది. "తలుపు తీసిన సప్పుడు, తలుపు ఏసిన సప్పుడు. నేను ఏ అర్రల ఉన్ననో నాకు తెలుస్తాంది."

ఆ రోజు సాయంత్రమే జావాలో చేరుతానని చెప్పింది. పైథాన్ సార్ నిజంగానే నొచ్చుకున్నారు. ఆమె కోసం చెప్పే పద్ధతే మార్చుకున్న మనిషి ఆయన.

"అందరూ ఈజీ అనే భాష వదిలిపెట్టి, కష్టమైనది పట్టుకుంటున్నావమ్మా. జావా చూసి వెనక్కి పోయినవాళ్లను ఎంతమందినో చూశాను" అన్నారు.

"సార్, అందరు కండ్లతోని చదువుతాండ్లు. నేను చెవులతోని చదువుతాన. నాకు ఈజీ ఏందో నేనే చూసుకోవాలె గద" అంది ఆపా. గొంతులో కోపం లేదు, బతిమాలడం లేదు. ఇంటి అడ్రసు చెప్పినంత మామూలుగా చెప్పింది.

సార్ తానే జావా సార్ దగ్గరికి వెళ్లి, బోర్డు మీద వేలు పెట్టి 'ఇక్కడ' అనొద్దని చెప్పి వచ్చారు.

నేను ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ ఆమె గురించే ఆలోచించాను. నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. బావ చెప్పింది ఒకటి, లెక్చరర్ చెప్పింది ఒకటి, వీడియోలో ఆయన చెప్పింది ఇంకొకటి. అన్నీ ఎవరివో. ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే కారణం, అది పూర్తిగా ఆమెది. దాన్ని ఆమె రాసి, విని, తప్పు చేసి సంపాదించుకుంది. ఎవరు వచ్చి ఎన్ని చెప్పినా ఆ కారణం కదలదు.

మర్నాడు ఆపాతో ఇదే అంటే, "మరి నువ్వు గూడ రాసి చూడు. చూడకుంట ఫికర్ చేస్తే ఏమొస్తది?" అంది.

అదే బస్సుల ప్రోగ్రామును నేనూ రెండు భాషల్లో రాశాను. రెండూ పనిచేశాయి. రెంటి మీదా నాకు ప్రత్యేకంగా ప్రేమ పుట్టలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు తప్ప చూడ్డానికి ఏమీ లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది. ఊర్ల పేర్లు ఒక పక్కన, టైములు ఒక పక్కన, నొక్కడానికి బటన్లు ఉంటే బాగుండును అనుకున్నాను. అది చెయ్యాలంటే మూడో భాష కావాలి, జావాస్క్రిప్ట్. దాని పేరు మా ఇంటి చర్చలో ఎవరూ ఎత్తనే లేదు. వీడియోలు చూసుకుంటూ, తప్పులు చేసుకుంటూ, ఫోన్లో తెరుచుకునే ఒక పేజీ తయారుచేశాను. ఆకుపచ్చ బటన్లు పెట్టాను, ప్రతి బటన్ మీద చిన్న బొమ్మ వేశాను. అమ్మకు చూపిస్తే మురిసిపోయింది. బాపు వేలితో నొక్కి నొక్కి చూశాడు. నేను తిండి సంగతి, టైము సంగతి మర్చిపోయి కూర్చున్న పని నా జీవితంలో అదే మొదటిది.

ఎంతో సంబరంగా తీసుకెళ్లి ఆపా చేతిలో పెట్టాను. ఆమె ఫోన్ అందుకుని తెర మీద వేలు జరిపింది. ఫోన్ గొంతు చదివింది: "బటన్. బటన్. బటన్. బటన్."

"మంచిగున్నది. ఏ బటన్ ఏందో నాకు చెప్తవా, లేకుంటే నేనే కనిపెట్టాల్నా?" అని నవ్వింది.

నేను వేసిన బొమ్మలు కంటికి మాత్రమే మాట్లాడుతున్నాయి. వాటికి పేర్లు పెట్టలేదు. పేరు పెట్టని బటన్‌ను ఆ గొంతు బటన్ అని తప్ప ఏమని చదవగలదు? ఆ రోజంతా ఆపా పక్కన కూర్చున్నాను. ఆమె వేలు ఎక్కడికి వెళ్తే అక్కడ ఏం వినిపించాలో చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. ముందు ఊరి పేరు రావాలి, తర్వాత టైము, ఆ తర్వాత ప్లాట్‌ఫారమ్. నొక్కినాక ఏమైందో చెప్పాలి. సాయంత్రానికి ఆపా వేలు జరిపి, విని, "ఏటూరునాగారం బస్సు దొరికిందే పిల్లా!" అని కేక పెట్టింది. పక్క గదిలోంచి జావా సార్ తొంగి చూశారు.

నేను జావాస్క్రిప్ట్ ఎంచుకున్నాను. బావ పెదవి విరిచాడు. బాపు మాత్రం ఏమీ అడగలేదు.

ఆమె జావా, నేను వీడియోలు చూసి జావాస్క్రిప్ట్, ఆ సెంటర్లోనే ఆరేడు నెలలు కలిసి చదువుకున్నాం. ఆపా జావాలో ఎంత పట్టు సాధించిందంటే, క్లాసులో ఎవరి ప్రోగ్రామైనా ఆగిపోతే ఆమె పక్కన కూర్చుని పైకి చదివేవాళ్లు. చదువుతుండగానే కొందరికి తప్పు దొరికేది. దొరకనివాళ్లకు ఆమె చెప్పేది.

ఉద్యోగాల వేట మాత్రం ఆమెకు కష్టమైంది. ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష పెట్టింది. ప్రశ్న ఉన్న పెట్టెను ఆమె సాఫ్ట్‌వేర్ చదవలేకపోయింది. వాళ్లకు రాస్తే జవాబు లేదు. ఇంకో చోట, మెట్లు ఎక్కగలవా, ఒక్కదానివే రాగలవా అని అడిగారు తప్ప జావా గురించి ఒక్క మాట అడగలేదు. ఆ రోజు హైదరాబాదు నుంచి తిరిగొచ్చి కాజీపేట స్టేషన్లో దిగి బయటకు నడుస్తుంటే, ఆమె చెయ్యి నా భుజం మీద బరువుగా ఉంది.

"ఏడ్వాలనిపిస్తాందే. కానీ ముందు చాయ్ తాగుదాం" అంది. చాయ్ తాగాక ఏడవలేదు. తర్వాతి ఇంటర్వ్యూ ఎప్పుడని అడిగింది.

ఆ తర్వాతి ఇంటర్వ్యూకు కూడా హైదరాబాదుకు నేనే తోడు వెళ్లాను. ఇంటర్వ్యూ చేసే ఆమె నడివయసు మనిషి. నన్ను కూడా గదిలో కూర్చోమంది. లాప్‌టాప్‌లో పరీక్ష పెట్టబోయి, ఆగి, "నేను ఒక ప్రోగ్రాము చదువుతాను, మీరు విని ఏం చేస్తుందో చెప్పండి" అంది. ఆమె ఒక్కో లైనూ చదువుతుంటే ఆపా తల వంచి, వేళ్లతో మోకాలి మీద మెల్లగా తడుతూ విన్నది. చదవడం అయిపోయింది.

"ఇది నడవదు మేడం. లోపల తెరిచిన బ్రేస్ ఒకటి మూయలేదు. మూసినా చివరి వస్తువును లెక్కలోకి తీసుకోదు, లూప్ ఒకటి ముందే ఆగిపోతాంది" అంది ఆపా.

మేడం తెర వైపు చూడలేదు, ఆపా వైపే చూసింది. "రెండు తప్పులూ నేను కావాలనే పెట్టాను. చూసి చదివినవాళ్లు కూడా రెండోది పట్టుకోవడానికి చాలాసేపు తీసుకుంటారు" అంది. తర్వాత ఆ ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో! నేను ఆ గదిలో ఉన్నానన్న సంగతే మర్చిపోయారు. నాకు మాత్రం మా ఆపాను ఆ గదిలో చూడటం గర్వంగా ఉంది. ఆమెకు అక్కడ దొరికింది జాలి కాదు, ఒక మంచి ప్రశ్న.

ఉద్యోగం వచ్చింది. ఎక్కువ రోజులు వరంగల్లో ఇంటి నుంచే పనిచేసి, అప్పుడప్పుడు ఆఫీసుకు వెళ్లి వచ్చే ఏర్పాటు. కొన్నాళ్లకు మడికొండ దగ్గర ఒక చిన్న కంపెనీలో నాకూ పని దొరికింది. వెబ్ పేజీలు తయారుచేయడం, అవి చూపులేనివాళ్లకు కూడా పనికొస్తాయా లేదా అని పరీక్షించడం నా పని. ఆ రెండో పని కోసం మనిషి దొరక్క వాళ్లు వెతుకుతున్నారట.

ఇక్కడితో కథ అయిపోతే, చెవికి వినబడే భాష ఎంచుకున్న మనిషి గెలిచింది అని చెప్పి ఊరుకునేదాన్ని. కానీ పోయిన ఏడాది ఆపా వాళ్ల టీములో కొత్త పని వచ్చింది. అది పైథాన్‌లో చెయ్యాలి. ఇంకొకరైతే తప్పించుకునే దారి చూసుకునేవాళ్లు. ఆపా ఒప్పుకుంది. చూపులేని ప్రోగ్రామర్లు మాట్లాడుకునే ఒక ఆన్‌లైన్ గుంపులో అడిగితే, లైను ఎంత లోపలికి జరిగితే అంత హెచ్చుస్థాయిలో 'కూ' మని మోగే ఏర్పాటు ఆమె వాడే సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని ఎవరో చెప్పారట. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది.

నాకు ఫోన్ చేసి పగలబడి నవ్వింది. "ఖాళీ గూడ సప్పుడు చేస్తాందే! సరిగమలు పాడినట్టున్నది. ఒక్క సెట్టింగ్ తెల్వక సార్ తోని అంత మాట్లాడిన!"

"అప్పుడే తెలిస్తే పైథాన్ తీసుకునేదానివా?" అని అడిగాను.

ఆలోచించింది. "తీసుకుందునేమో. కానీ జావా నేర్చుకున్నందుకు నాకేం రంజ్ లేదు, బాధ లేదు. అప్పుడు నాకు ఏది వినబడ్డదో అదే పట్టుకున్న. ఇప్పుడు ఇది గూడ వినబడుతాంది, ఇది గూడ పట్టుకుంట. భాష మారితే ఏమైతది, ఆలోచన నాదే గద."

ఆ వారమే కోచింగ్ సెంటర్‌కు వెళ్లి పైథాన్ సార్‌కు ఆ మోతలు వినిపించి వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని ఒక ప్రోగ్రాము మొత్తం విన్నారట.

మొన్న ఆదివారం మండీబజార్ వెనక వాళ్లింటికి వెళ్లాను. ఆపా లోపలి గదిలో పనిలో ఉంది. వాళ్లమ్మ నాకు ఖుబానీ కా మీఠా పెట్టి, పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"బిడ్డా, జర సమజ్ చెయ్యి. పొద్దంత గా డబ్బా మాట్లాడుతనే ఉంటది, ఇది ఇనుకుంటనే ఉంటది. అది ఏ భాష? ఉర్దూ కాదు, తెలుగు కాదు. ఇంగ్లీష్ అనుకుంటే మా మనుమడు గూడ తెల్వదంటాండు."

"ఇంగ్లీషే ఆంటీ. వేగంగా చదువుతుంది, అంతే. అందులో ఆపా రాసిన జావా, పైథాన్ ఉంటాయి."

"అంటే దీనికి ఎన్ని భాషలొచ్చినట్టు?"

తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ, జావా, పైథాన్ అని వేళ్లు మడుస్తూ చెప్పాను. లోపలి నుంచి ఆపా గొంతు వినిపించింది. "ఇంకోటి మొదలువెట్టిన అమ్మీ, నిన్ననే!"

ఆంటీ, ఆపా ఉన్న గది వైపు చూసి, కొంగుతో మూతి కప్పుకుని నవ్వింది. తర్వాత గిన్నె తీసుకుని, నేను వద్దంటున్నా వినకుండా, నాకు ఇంకొంచెం మీఠా వడ్డించింది.